పోటీలున్నాయి, పాఠకులేరీ?

1899లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ తెలుగు సంఘం విద్యార్థులకు కావ్యరచన పోటీ పెట్టింది. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోతుంటే ఊరి కోసం ప్రాణమిచ్చిన ఇల్లాలి కథ తీసుకుని ఒక కుర్రవాడు రాసిన కావ్యానికి బహుమతి దక్కింది. కావ్యం పేరు ‘ముసలమ్మ మరణం’. రాసింది కట్టమంచి రామలింగారెడ్డి. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. తెలుగులో ఆధునిక కవిత్వం ఎక్కడ మొదలైందని వాదించుకునేవాళ్లు ఇవాళ్టికీ ఆ చిన్న పుస్తకం దగ్గర కాసేపు ఆగక తప్పదు. కాలేజీ పోటీకి కావ్యం రాసిన ఆ విద్యార్థే 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి ఉపాధ్యక్షుడయ్యాడు.

ఈ ఉదాహరణ నిజానికి నా వాదనకు అడ్డం వచ్చేది. విశ్వవిద్యాలయాల్లో పిల్లల సృజనను పెంచాలన్న మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు పోటీ పెడతారు, జ్ఞాపిక ఇస్తారు, ఫొటో దిగుతారు. లోటు పోటీలకు లేదు, పిల్లలు రాసినదాన్ని ఓపిగ్గా చదివి, ఇక్కడ బాగుంది, ఇక్కడ అబద్ధం పలుకుతోంది అని చెప్పి తిరిగి చేతికిచ్చే మనుషులకు ఉంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. అయినా అడ్డం వచ్చేదాన్నే ముందు పెట్టుకోవడం న్యాయం. పోటీ పనికిమాలినదేం కాదు. గడువు మీద పడితే తప్ప, నలుగురిలో పేరు వినపడుతుందన్న ఆశ ఉంటే తప్ప కలం కదలని వయసు అది. కాకపోతే అప్పటి పోటీ కావ్యం రాయమంది. ఇప్పటి పోటీ పది నిమిషాల్లో ముగించమంటోంది.

పది నిమిషాలన్నది మాటవరసకు అన్నది కాదు. అంతర్ విశ్వవిద్యాలయ యువజనోత్సవాల్లో స్కిట్‌కు ఇచ్చే సమయం అంతే. ఏకాంకికకు అరగంట, వక్తృత్వానికి ఐదు నిమిషాలు. 1954లో కేంద్ర విద్యాశాఖ ఢిల్లీలో మొదలుపెట్టిన ఉత్సవాల ఒరవడి ఇది. 1980ల మధ్య నుంచి భారత విశ్వవిద్యాలయాల సంఘం దీన్ని నడుపుతోంది. ముందు కాలేజీలో, తర్వాత వర్సిటీలో, ఆపైన దక్షిణ మండలంలో, చివరికి జాతీయ స్థాయిలో పోటీ పడాలి. పాతికేళ్లు దాటినవాళ్లకు ప్రవేశం లేదు. సంగీతం, నాట్యం, రంగస్థలం, లలితకళలు, సాహిత్యం అని ఐదు విభాగాలు. సాహిత్య విభాగం తెరిచి చూస్తే చాలా ఏళ్లుగా అందులో ఉన్నవి మూడు అంశాలు: క్విజ్, వక్తృత్వం, వాదోపవాదం. కవిత లేదు. కథ లేదు. బొమ్మ గీసేవాడికి రెండున్నర గంటలు కూర్చోబెట్టి కాగితం ఇచ్చే ఉత్సవం, రాసేవాడికి కుర్చీ వేయడం మరిచిపోయింది.

స్కిట్ రిహార్సల్ ఎప్పుడైనా చూశారా? సెమినార్ హాల్లో బెంచీలు గోడకు నెట్టి, ఆరుగురు పిల్లలు నిలబడతారు. ఒకరి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడుస్తుంటుంది. కథ వరకట్నమో, తాగుడో, సెల్‌ఫోన్ పిచ్చో, ప్లాస్టిక్ సంచులో అయి ఉంటుంది. ఎనిమిదో నిమిషం దాకా నవ్వులు. తొమ్మిదో నిమిషంలో ఎవరో ఒకరు చచ్చిపోవాలి. ఆఖరి అర నిమిషంలో అందరూ ప్రేక్షకుల వైపు తిరిగి, చేతులు చాచి, నీతి చెప్పి, బొమ్మల్లా నిలిచిపోవాలి. ఈ పద్ధతి వీళ్లకు ఎవరూ నేర్పలేదు. కిందటేడు మార్కులు ఎవరికి పడ్డాయో చూసి నేర్చుకున్నారు. ఆ పిల్లల్లో చురుకుదనానికి కొదవలేదు. మిమిక్రీ చేసే కుర్రాడు వార్డెన్ గొంతు పట్టాడంటే హాలు హాలంతా పగలబడుతుంది. కానీ న్యాయనిర్ణేతల కాగితంలో ‘సందేశం’ అనే గడి ఉన్నంతకాలం, సందేశం లేని నవ్వు మార్కులు తేదని వాళ్లకు బాగా తెలుసు.

అంతమాత్రాన ఉత్సవాలను తీసిపారేయలేం. మారుమూల డిగ్రీ కాలేజీ అమ్మాయి మొట్టమొదటిసారి ముఖానికి రంగు వేసుకునేది, ఇంట్లోవాళ్లు లేకుండా రైలెక్కేది, వేరే భాష పిల్లలు తన డప్పు దరువుకు అడుగు కలపడం చూసేది అక్కడే. ఆ అనుభవం చిన్నది కాదు. ఇబ్బంది మరెక్కడంటే, మన వర్సిటీలు సృజన పేరుతో చూపించుకునే లెక్కంతా ఈ పతకాల లెక్కే. న్యాక్ బృందం వచ్చినప్పుడు ఫైల్లో పెట్టడానికి అంతకన్నా సులువైన కాగితం మరొకటి లేదు. ఒక పిల్ల ఏడాదిలో మూడు కథలు రాసి, రెండు చింపేసి, మూడోది నాలుగుసార్లు తిరగరాసిందంటే, ఆ సంగతి నమోదు చేసే గడి ఏ నివేదికలోనూ ఉండదు.

విశ్వవిద్యాలయమే పూనుకుంటే ఏమవుతుందో చూపించే పాత పాఠం విశాఖలో ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రిజిస్ట్రారుగా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామికి నాటకమంటే ప్రాణం. ప్రయోగాత్మక రంగస్థలం పేరుతో ఆయన క్యాంపస్‌లో నాటకాలు ఆడించాడు. ఆరుబయలు రంగస్థలం నిలబెట్టాడు. కళాశాలల మధ్య నాటిక పోటీలు పెట్టించాడు. గ్రంథాలయాధికారి అబ్బూరి రామకృష్ణారావు స్వయంగా కవి, నాటక ప్రయోక్త. ‘నటాలి’ సంస్థ ఆయన చేతి మీదే నడిచింది. రిజిస్ట్రారు, లైబ్రేరియను. విద్యార్థికి ఆఫీసులో సంతకం పెట్టవలసిన మనిషి ఒకరు, పుస్తకం ఇవ్వవలసిన మనిషి ఒకరు. ఇద్దరూ రిహార్సల్‌కు వచ్చి కూర్చునే రకం. నాటక పోటీలు అప్పుడూ ఉన్నాయి, బహుమతులూ ఉన్నాయి. అయితే వాటి వెనక ఏడాది పొడవునా నాటకం గురించి మాట్లాడే మనుషులున్నారు. ఇవాళ రిజిస్ట్రారు దగ్గరికి విద్యార్థి వెళ్లేది ఫీజు బకాయి గురించో, సర్టిఫికెట్ గురించో. ఆయన తీరిక సమయంలో ఏం చదువుతాడో ఆ పిల్లవాడికి తెలిసే దారే లేదు.

దీనికి సరిగ్గా ఎదురుగా మరో పాఠం ఉంది. అదీ విశాఖలోనిదే. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు అక్కడ ఘనంగా జరుగుతున్నాయి. శ్రీకాకుళం రైతాంగ పోరాటం అప్పుడు రగులుతోంది. సభకు వచ్చిన రచయితల చేతుల్లోకి విశాఖ విద్యార్థుల పేరుతో ఒక కరపత్రం వచ్చింది. మీరెటువైపు అని అది రచయితలను నిలదీసింది. ఆ ప్రశ్న రేపిన దుమారం అదే ఏడాది జులై 4న విప్లవ రచయితల సంఘం పుట్టుకకు దారితీసింది. ఆ రాజకీయాలతో మనం ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. ఆ కరపత్రం వల్ల మంచి సాహిత్యంతోపాటు బోలెడు నినాదాల సాహిత్యం కూడా వచ్చిందని నాబోటివాళ్లు గొణుగుతూనే ఉంటారు. కానీ ఇరవై ఏళ్ల పిల్లలు రాసిన ఒక్క కాగితం ఒక భాషలోని రచయితలందరినీ రెండుగా చీల్చిందన్నది చరిత్ర. దానికి ఏ విభాగాధిపతి అనుమతీ లేదు. ఏ ప్రోత్సాహక పథకమూ లేదు. ఆ రోజుల్లోనే అదే క్యాంపస్‌లో తెలుగు ఎం.ఏ. చదివి 1972లో పట్టా తీసుకున్న అమ్మాయి తర్వాత ఓల్గా పేరుతో తెలుగు స్త్రీవాద సాహిత్యానికి దిక్సూచి అయింది.

ఉస్మానియా కథ వేరు, ధోరణి ఒకటే. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఆ విశ్వవిద్యాలయంలో 1938లో విద్యార్థులు వందేమాతరం పాడినందుకు బహిష్కరణకు గురయ్యారు. చాలామంది చదువు కోసం నాగపూర్ దాకా పోవలసి వచ్చింది. పి.వి.నరసింహారావు వాళ్లలో ఒకరు. పాట పాడటమే నేరమైన చోటే కొన్నేళ్లకు సి.నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో బి.ఏ. చదివి, తెలుగులో ఎం.ఏ., పిహెచ్‌.డి. చేసి, తెలుగు అధ్యాపకుడయ్యాడు. 1972 ఏప్రిల్‌లో విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య తర్వాత క్యాంపస్ గోడలకు మరో భాష వచ్చింది. 2009 చివర తెలంగాణ ఉద్యమం ఉద్ధృతమైనప్పుడు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద పాట కట్టని పిల్లవాడు అరుదు. జానపద బాణీ, ఉద్యమ మాట, అప్పటికప్పుడు అల్లిన చరణం. ఏ సృజనాత్మక రచన తరగతిలోనూ అంత వేగంగా అంతమంది గీత రచయితలు తయారు కాలేదు. ఆ పాటల్లో నిలిచినవి ఎన్ని, వాటిని సేకరించినవారెవరు అని అడిగితే మాత్రం జవాబు నిరాశగా ఉంటుంది. సొంత మెట్ల మీద పుట్టిన సాహిత్యాన్ని భద్రపరచాలన్న ఊహ విశ్వవిద్యాలయానికి రాలేదు.

ఈ రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టి కొందరు తొందరపడి ఒక తీర్మానానికి వస్తారు: అధికారులు ప్రోత్సహిస్తే వినోదం పుడుతుంది, అధికారులు అడ్డుకుంటే సాహిత్యం పుడుతుంది, కాబట్టి సంస్థను దూరంగా ఉంచడమే మేలు అని. వినడానికి బాగుంటుంది. అడ్డుకున్నప్పుడు పుట్టినవి మనకు కనిపిస్తాయి, పుట్టకుండా పోయినవి కనిపించవు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో తాను రచయిత కావాలనుకున్నానని, కార్ల్ సేగన్‌లా సైన్సు గురించి రాయాలనుకున్నానని చెప్పుకున్నాడు. ఆ ఉత్తరాన్ని దేశమంతా చదివింది. అతను రాయాలనుకున్న పుస్తకాలు మాత్రం మనకు లేవు. ఆ క్యాంపస్‌లోనే 1988 నుంచి సరోజినీ నాయుడు పేరున కళల, కమ్యూనికేషన్ విభాగం ఉంది. రంగస్థలం, నాట్యం, చిత్రకళ, మీడియా అక్కడ చక్కగా నేర్పుతారు. 90.4 మీద ‘బోల్ హైదరాబాద్’ పేరుతో క్యాంపస్ రేడియో ఉంది. దేశంలో ఇంతకన్నా మెరుగైన ఏర్పాట్లు ఉన్న విశ్వవిద్యాలయాలు తక్కువ. ఏర్పాట్లు ఉండటం, వినేవాళ్లు ఉండటం రెండూ ఒకటి కావు.

ఏ భాషలో?

ఈ ప్రశ్న కొత్తది కాదు. విద్యార్థులు తెలుగు వ్యాసాలు ఏ శైలిలో రాయాలన్న వివాదం మద్రాసు విశ్వవిద్యాలయంలో ముదిరినప్పుడు, 1914లో గురజాడ సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాశాడు. పిల్లలు మాట్లాడే భాషకు దూరమైన గ్రాంథికంలో రాయమంటే, వాళ్లు చెప్పదలచుకున్నది మానేసి తప్పుల భయంతో పదాలు వెతుక్కుంటారన్నది ఆ గొడవ సారం. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశాడు. విశ్వవిద్యాలయాలు ఆ మాట ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు గ్రాంథికం బెడద లేదు. దాని స్థానంలో రెండు కొత్తవి వచ్చాయి.

మొదటిది, ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం తెలుగు వదిలి సంస్కృతం తీసుకోవడం. సంస్కృతం మీద ప్రేమతో తీసుకుంటే సంతోషమే. కార్పొరేట్ కాలేజీలో తీసుకునేవాళ్లలో ఆ ప్రేమ ఎంతమందికి ఉందో ఆ పిల్లలనే అడగండి. పదో తరగతితో తెలుగు ఆగిపోయిన కుర్రాడు ఇంజినీరింగు మూడో ఏట కథ రాయాలనుకుంటే, అతని చేతిలో ఉన్న తెలుగు పదిహేనేళ్ల పిల్లవాడి తెలుగు. చెప్పవలసిన అనుభవం మాత్రం ఇరవై ఏళ్లవాడిది. ఇంగ్లిష్‌లో రాద్దామంటే అది ప్రాజెక్టు రిపోర్టు ఇంగ్లిష్. అటూ ఇటూ కాని ఆ సందులో నుంచే చాలామంది రీల్స్ వైపు, షార్ట్ ఫిల్మ్ వైపు వెళ్లిపోతున్నారు. తప్పు పట్టనక్కర్లేదు. మాట తడబడే చోట కెమెరా పలుకుతుంది. కానీ షార్ట్ ఫిల్మ్‌కు కూడా ముందు ఎవరో ఒకరు సంభాషణ రాయాలి కదా.

రెండో బెడద, ‘మంచి తెలుగు’ అనే మర్యాద. తరగతిలో యాసలో రాస్తే ఎర్ర సిరా పడుతుంది. బయట సాహిత్య లోకంలో జరుగుతున్నది చూస్తే దానికి పూర్తిగా తలకిందులు. 2011లో మొదలైన సాహిత్య అకాడమీ యువ పురస్కారాల తెలుగు జాబితా తీయండి. 2021లో తగుళ్ల గోపాల్ ‘దండకడియం’, 2022లో పల్లిపట్టు నాగరాజు ‘యాలై పూడ్సింది’, 2024లో రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’. పేర్లలోనే ఊరు వినిపిస్తోంది, తండా వినిపిస్తోంది. రమేశ్ కార్తీక్ నాయక్ 1997లో పుట్టినవాడు. తొలి కవితా సంపుటి ‘బల్దేర్ బండి’ 2018లో వచ్చింది. అంటే డిగ్రీ చదివే వయసులో తెచ్చిన పుస్తకం. బంజారాల బతుకును వాళ్ల మాటలతోనే తెలుగు కవిత్వంలోకి లాక్కొచ్చాడు. అలాంటి పిల్ల ఒకతి మన బి.ఏ. తరగతిలో వెనక బెంచీలో ఇప్పుడు కూర్చుని ఉంటే, ఆమె వ్యాసం మీద మనం ఏం రాస్తున్నాం? ‘శిష్టభాష వాడవలెను’ అనా?

కాగితం మీద ఉన్నవి

పాఠ్యప్రణాళికల వాళ్లను నిందించడం తేలిక. వాళ్లు ప్రయత్నించలేదనడం అబద్ధం. 2020-21లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి తెచ్చిన డిగ్రీ తెలుగు పాఠ్యక్రమంలో మూడో సెమిస్టరుకు ‘సృజనాత్మక రచన’ అనే పేపరే పెట్టారు. కవిత, కథ, అనువాదం, మాధ్యమాలకు రాయడం అందులో ఉన్నాయి. డిగ్రీ స్థాయిలో ప్రాచీనం, ఆధునికం దాటి రాతలోకి దిగిన ఆ అడుగు మెచ్చుకోదగ్గది. ఇంజినీరింగు పిల్లలకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి మూడు వారాల ప్రవేశ కార్యక్రమం రూపొందించింది. మొదటి ఏడాది చేరగానే పాఠాలు మొదలుపెట్టకుండా రోజూ ఆట, కళ, సాహిత్యం, విలువల చర్చ ఉండాలన్నది దాని ఉద్దేశం. యూజీసీ 2023లో కళాకారులను, చేతివృత్తుల నిపుణులను విద్యాసంస్థల్లో అతిథులుగా ఉంచుకోవడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. జాతీయ విద్యావిధానం 2020 చెప్పనే చెప్పింది, కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడలు ఉండకూడదని.

మరి ఆచరణో? మూడు వారాల కార్యక్రమం చాలా కాలేజీల్లో మూడు రోజుల ఉపన్యాసాలకు కుదించుకుపోయింది. వాటిలో సగం క్యాంపస్ ప్లేస్‌మెంట్ల గురించే. సృజనాత్మక రచన పేపరు రాతపరీక్షతో ముగిసింది. కథ లక్షణాలు రాయుము, కవితకు ఉండవలసిన గుణములేవి అని అడిగితే, ఒక్క కథా రాయని విద్యార్థి కూడా గైడు బట్టీపట్టి మంచి మార్కులు తెచ్చుకోగలడు. ఈత పోటీకి ఈత మీద వ్యాసం రాయించి పతకం ఇచ్చినట్టు. అధ్యాపకులను అనడానికీ లేదు. రెండు రాష్ట్రాల్లోనూ వర్సిటీ, డిగ్రీ కాలేజీ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. కాంట్రాక్టు మీద, గంటల లెక్కన పనిచేసే తెలుగు మేష్టారు నూటయాభై మంది రాసిన కథలు ఎప్పుడు చదవాలి? చదివినందుకు ఆయనకు ఇచ్చే గంటలెన్ని? ఈ లెక్క తేలకుండా ఎన్ని క్రెడిట్లు పెట్టినా ఫలితం ఉండదు.

సృజన నేర్పితే వచ్చేది కాదని పెదవి విరిచేవాళ్లు తెలుగు శాఖల్లోనే ఎక్కువ. పుట్టుకతో రావాలంటారు. చిత్రమేమిటంటే, వీళ్లే చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి శిష్యపరంపర గురించి గంటల తరబడి మాట్లాడతారు. బందరు హైస్కూల్లో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లలో విశ్వనాథ సత్యనారాయణ ఉన్నాడు, పింగళి లక్ష్మీకాంతం ఉన్నాడు, కాటూరి వెంకటేశ్వరరావు ఉన్నాడు. పింగళి తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు శాఖను తీర్చాడు. పుట్టుకే అన్నీ ఇచ్చేటట్టయితే అంతమంది ఒకే బడిలో, ఒకే గురువు చుట్టూ ఎలా పుట్టారు? ప్రతిభను ఎవరూ నేర్పలేరు, నిజమే. ప్రతిభ ఉన్నవాడు పనికిరాని వాక్యాన్ని గుర్తుపట్టడం మాత్రం నేర్పవచ్చు. రాసేవాడికి సగం పని అదే.

అదెలా ఉంటుందో చూద్దాం. రెండో ఏడు చదివే కుర్రాడు కథ తెచ్చాడనుకోండి. తండ్రి అప్పులపాలైన రైతు. చివర ఉరి వేసుకుంటాడు. భాష నిండా కన్నీళ్లు, బీటలువారిన నేల, ఆకాశం వైపు చూపు. మామూలుగా మనం ‘భావం బాగుంది, ఇంకా రాయి’ అని వెనక్కిస్తాం. ఆ మాట పిల్లవాడి వీపు తట్టి తలుపు మూసేస్తుంది. కథను చేతిలోకి తీసుకున్న మనిషి అయితే అడుగుతాడు: మీ నాన్నకు అప్పు ఇచ్చిందెవరు? పురుగుమందుల దుకాణమతనా? ఊళ్లో అతన్ని ఏమని పిలుస్తారు? పద్దు పుస్తకం ఎలా ఉంటుంది? మీ అమ్మ ఆ దుకాణానికి వెళ్లి ఏమందో గుర్తుందా? కుర్రాడు మొహమాటంగా చెప్పడం మొదలుపెడతాడు. అతను మంచివాడే సార్, పండక్కి మాకు బట్టలు కూడా పెట్టేవాడు, అంటాడు. ఆ బట్టల దగ్గరే కథ ఉంది. కాగితం మీద మాత్రం లేదు, ఎందుకంటే రైతు కథలో అప్పిచ్చినవాడు దుర్మార్గుడై ఉండాలని అతను ఎక్కడో చదివాడు. మూడో వారం తిరగరాసి తెచ్చినప్పుడు ఉరి పోయి ఉండవచ్చు, పద్దు పుస్తకం మిగిలి ఉండవచ్చు. ఈ పనికి కావలసింది వారానికి ఒక గంట, ఒక కుర్చీ, టీ. ప్రాజెక్టు గ్రాంటు అక్కర్లేదు.

ఇదే పని ఒకప్పుడు కాలేజీ పత్రిక కొంతవరకు చేసేది. ఇప్పుడు వచ్చేదాన్ని చూడండి. ఆర్ట్ పేపరు మీద ఛైర్మన్, కరస్పాండెంట్, ప్రిన్సిపాల్ సందేశాలు వరసగా. తర్వాత విభాగాల నివేదికలు, గ్రూపు ఫొటోలు. ఎక్కడో వెనక, యాడ్‌కు ముందు, తెలుగు విభాగం ఎనిమిది పేజీలు. అమ్మ మీద రెండు కవితలు, స్నేహం మీద ఒకటి, నీటి పొదుపు మీద ఒక వ్యాసం. సంపాదకుడిగా అధ్యాపకుడి పేరు. విద్యార్థి సంపాదకుల పేర్లు ఉన్నా, రచన ఎంచే హక్కు వాళ్లకు ఉండదు. ఇక చాలా చోట్ల పత్రికే రావడం లేదు. ప్రభుత్వ కాలేజీల్లో ప్రత్యేక రుసుముల కింద మ్యాగజైన్ పద్దు మాత్రం రసీదులో కనిపిస్తూనే ఉంటుంది. హాస్టల్ పిల్లలు డ్రాయింగ్ షీట్ మీద స్కెచ్ పెన్నులతో నడిపిన గోడపత్రికల్లో ఇంతకన్నా సాహిత్యం ఉండేదని పాతవాళ్లు చెబుతారు. ఎందుకు ఉండదు? అతికించిన సాయంత్రానికే పాఠకులు. పక్క గది కుర్రాడే విమర్శకుడు.

గేటు, తాళం, అనుమతి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివరి నుంచి విద్యార్థి సంఘాలకు ఎన్నికలు ఆగిపోయాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి ఒకటి రెండు చోట్ల తప్ప అవి మళ్లీ మొదలుకాలేదు. ఎన్నికల గొడవలు, కొట్లాటలు ఎవరికీ ముద్దు కాదు. అయితే వాటితోపాటు ఎన్నికైన సాంస్కృతిక కార్యదర్శి పోయాడు. హాలు తాళం అడిగే హక్కున్న విద్యార్థి పోయాడు. ఇప్పుడు నాటకం వేయాలంటే విద్యార్థి వ్యవహారాల డీన్ సంతకం, స్క్రిప్టు ముందుగా సమర్పించడం, అవసరమైతే కొన్ని మాటలు కొట్టేయడం తప్పదు. సృజనను ప్రోత్సహిస్తాం కానీ కులం గురించి వద్దు, యాజమాన్యం గురించి వద్దు, ప్రేమ గురించి మరీ వద్దు అంటే ఇక మిగిలేది నీటి పొదుపే. ఇరవై ఏళ్ల పిల్లలకు మాట్లాడాలని ఉన్నవి సరిగ్గా ఆ మూడే.

అమ్మాయిల సంగతి ఇంకా ఇరుకు. రిహార్సల్ మొదలయ్యేది తరగతులయ్యాక, సాయంత్రం ఐదింటికి. అమ్మాయిల హాస్టల్ గేటు చాలా చోట్ల ఆరింటికో, ఆరున్నరకో మూస్తారు. అందుకే కాలేజీ నాటికల్లో ఆడపాత్రలు రెండు, అవీ చిన్నవి. రాసేవాడికి కూడా తెలుసు, పెద్ద పాత్ర రాస్తే రిహార్సల్‌కు మనిషి ఉండదని. ఒక గేటు వేళ ఒక తరం నాటకాల్లో స్త్రీ పాత్రల నిడివిని తేలుస్తోందంటే నవ్వొస్తుంది గానీ, జరుగుతున్నది అదే. దీన్ని సరిచేయడానికి కమిటీ అక్కర్లేదు. వార్డెన్‌కు ఒక ఉత్తర్వు, ఇంటికి చేర్చే ఒక బస్సు చాలు.

యాజమాన్యాలు చేయగలిగిన పనుల్లో నాకు అన్నిటికన్నా చవకగా, అన్నిటికన్నా అవసరంగా కనిపించేవి ఇవి. ప్రతి కాలేజీలో రాసే పిల్లలతో కూర్చునే ఒక అధ్యాపకుడికో అధ్యాపకురాలికో వారానికి రెండు గంటలు పనివేళలుగా లెక్కించడం. ఆ మనిషి తెలుగు శాఖవారే కానక్కర్లేదు. లెక్కల మేష్టరు మంచి పాఠకుడైతే ఆయనే. కాలేజీ పత్రికలో రచనల ఎంపిక పూర్తిగా విద్యార్థుల చేతికి ఇవ్వడం. చట్టం ఒప్పుకోనిది వస్తే తప్ప జోక్యం చేసుకోకపోవడం. సృజనాత్మక రచన పేపరుకు రాతపరీక్ష ఎత్తేసి, విద్యార్థి ఒకే రచనను మూడుసార్లు ఎలా మార్చాడో చూసి మార్కులివ్వడం. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో మొదలుపెట్టిన కథానిలయం లాంటి చోటికి ఏడాదికొకసారి పిల్లలను తీసుకెళ్లడం. అక్కడి బీరువాల ముందు నిలబడితే, తనకన్నా ముందు తన జిల్లాలో ఎంతమంది రాశారో, ఎలా రాశారో తెలుస్తుంది. ఆ తెలివిడి ఏ ప్రేరణ ఉపన్యాసం వల్లా రాదు.

పూర్వ విద్యార్థులకూ, తల్లిదండ్రులకూ, ముఖ్యంగా ఇప్పుడు చదువుతున్నవాళ్లకూ ఒక్క మనవి. మీ కాలేజీ పత్రిక ఆఖరిసారి ఎప్పుడు వచ్చిందో కనుక్కోండి. రాకపోతే, ఫీజు రసీదులో మ్యాగజైన్ పద్దు కింద కట్టిన డబ్బు ఏమైందని ప్రిన్సిపాల్‌ను లిఖితపూర్వకంగా అడగండి. వస్తే, తెలుగు పేజీలు తెరిచి ఒక్క రచనైనా చివరిదాకా చదివి, రాసిన పిల్లకో పిల్లాడికో నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి.